బరువు, బలము



జ్వరము వచ్చినచో థర్మామీటరు సాక్ష్యము చెప్పును. ఎముక విరిగినచో ఎక్స్‌రే చిత్రము చూపవచ్చును. ఏ సాక్ష్యమును లేని నొప్పి వచ్చినచో ఆడుది యేమి చూపవలెను? ముఖము చూపినచో "చక్కగనే యున్నావు గదా" యందురు. ఆ మాట విని విని నేను నాలుగేండ్లు నోరు మూసికొంటిని. ఇప్పుడు వ్రాయబూనుట నా బాధను చాటుకొనుటకు గాదు. ఆ బాధలో నేనొక చిన్న సంగతిని నేర్చుకొంటిని. అది మీలో నొకరికైనను ఉపకరించునేమో యను తలంపుతో వ్రాయుచున్నాను.

మాది తెనాలి దాపున నొక గ్రామము. మావారు ఉన్నత పాఠశాలలో జీవశాస్త్రము బోధించు పంతులుగారు. ఇంట అత్తగారు, మేమిద్దరము, పదియేండ్ల కుమారుడు, ఆరేండ్ల కుమార్తె. నా బడిచదువు పదవ తరగతితో ముగిసెను. అసలు చదువు మా నాయనగారి యొద్ద, ఇంటి యరుగుమీద జరిగినది. భారత భాగవతములు, రఘువంశము, ఆయనకు వైద్యమందలి మక్కువచేత సుశ్రుతసంహితలోని కొన్ని యధ్యాయములు, అష్టాంగహృదయములో సూత్రస్థానము ఆయనయే చెప్పిరి. ఆ చదువు నాకు తరువాత నొక విచిత్రమైన వేళ అక్కరకు వచ్చినది. అది ముందు చెప్పెదను.

రెండవ కాన్పయిన యేడాదికి మెడ పట్టినట్లుండ నారంభించెను. పిల్లను చంకనెత్తుకొనుటచేత గాబోలు ననుకొంటిని. పిదప నొప్పి భుజములకు, అటనుండి నడుమునకు, తుంటికి, మోకాళ్ళకు ప్రాకెను. చుట్టపుచూపుగా వచ్చి యిల్లంతయు ఆక్రమించుకొన్న బంధువువలె అది నా శరీరమున కాపురము పెట్టెను. రాత్రి యెనిమిది గంటలు పండుకొన్నను, తెల్లవారుసరికి రాత్రియంతయు వరినాట్లు వేసినదానివలె లేచుచుంటిని. మిక్సీ చప్పుడు చెవిలో మేకు దిగినట్లుండెడిది. కూరలో ఉప్పు వేసితినో లేదో మరచి రెండుమారులు వేసిన దినములు కలవు. గజేంద్రమోక్షము నాకు చిన్ననాటనే కంఠస్థము. కుమారునకు చెప్పుచుండగా నడుమ నొక పద్యము జారిపోయి యెంత వెదకినను దొరకలేదు. ఆనాడు నొప్పికంటె దానికే యెక్కువ యేడ్చితిని.

వీనికి తోడు గుండెదడ. నేలమీద కూర్చుండి కూరలు తరిగి లేచినంతమాత్రమున గుండె గబగబ కొట్టుకొని కన్నులు చీకట్లు క్రమ్మెడివి. ఏ పనియు చేయక మంచముమీద నున్నప్పుడును అది నెమ్మదించెడిది గాదు. ఎవరో తరుముచున్నట్లు, నేను పరుగెత్తుచున్నట్లు లోలోపల నొక తొందర.

వైద్యులను చూచితిమి. నెత్తురు తీసిరి, థైరాయిడు చూచిరి, కీళ్ళవాతమునకు చూచిరి, గుండెకు ఇ.సి.జి. తీసిరి. అన్నియు బాగుగనే యుండెను. ఒక వైద్యుడు కాగితములు మావారి చేతికిచ్చుచు నవ్వి, "రిపోర్టులు బాగున్నాయండీ, అమ్మగారే బాగోలేరు" అనెను. ఆ మాట పరిహాసమునకే యనినను, ఇంటికి వచ్చుసరికి అది తీర్పుగా మారినది. "ఏమీ లేదన్నారుగా" అని అత్తగారు వంటింటివైపు చూచిరి. ఆమెను నేను తప్పుపట్టను. ఆమె తన వయసులో కాలువనుండి బిందెలతో నీళ్ళు మోసి, పాడి చూచుకొని, నలుగురు పిల్లలను పెంచిన మనిషి. ఏమియు లేని రోగము ఆమె యెరుగదు.

నన్ను కదలించినది మరియొకటి. మా యూరి రథోత్సవమునాడు జనములో నిలిచియుంటిమి. అప్పటికి మా పిల్లకు అయిదేండ్లు. రథము వీథి మలుపు తిరిగెను. పెద్దల నడుమ దానికేమియు కనబడదు. నాకొంగు పట్టుకొని పైకి చూచినది. తరువాత నన్నేమియు అడుగక ప్రక్కనున్న యొక పొరుగామెతో మెల్లగా, "నన్ను ఎత్తుకుంటారా అత్తా? మా అమ్మ ఎత్తుకోదు, అమ్మకి నొప్పి" అనినది. అందులో నిష్ఠూరము లేదు. వాన వచ్చుచున్నదని చెప్పినట్లు చెప్పినది. పిల్ల నన్ను అడుగుట మానుకొన్నదని అప్పుడు తెలిసెను. ఆ రాత్రి మావారితో, "ఇంకొకచోట చూపింపుడు, లేనిచో నేను మంచము దిగని దినము వచ్చును" అంటిని.

గుంటూరులో కీళ్ళరోగములను చూచు నొక వైద్యురాలు నన్ను అరగంటసేపు ప్రశ్నించినది. ఎక్కడెక్కడ నొప్పి, ఎన్నినెలలనుండి, నిద్ర తీరుచున్నదా, మాట మరచిపోవుదువా అని అడిగి వ్రాసికొన్నది. పిమ్మట కలము క్రింద పెట్టి, "దీనిపేరు ఫైబ్రోమయాల్జియా. మీ నొప్పి నిజమైన నొప్పి" అనినది. నాలుగేండ్లలో ఆ రెండవ వాక్యము నాతో చెప్పినవారామె యొక్కతెయే.

ఈ వ్యాధికి గల చరిత్రను మావారు తరువాత చదివి చెప్పిరి. 1904లో సర్ విలియం గవర్స్ అను ఆంగ్లవైద్యుడు ఇట్టి నొప్పులకు ఫైబ్రోసైటిస్ అని పేరు పెట్టెను. ఆ పేరునకు నారపోగుల వాపు అని యర్థము. కాని అక్కడ వాపు లేదని పిదప తేలినది. కావున 1976 ప్రాంతమున ఇప్పటి పేరు వాడుకలోనికి వచ్చెను. 1990లో అమెరికా కీళ్ళవైద్యుల సంఘము శరీరముమీద 18 స్థానములను నిర్ణయించి, అందు 11 చోట్ల నొక్కినప్పుడు నొప్పి యున్నచో ఈ వ్యాధియని నిర్ధారింపవచ్చుననెను. 2010నుండి ఆ నొక్కుడు పరీక్ష తప్పనిసరి గాదు. శరీరమును 19 భాగములుగా నెంచి యెన్నింట నొప్పి యున్నదో, అలసట, తీరని నిద్ర, మరపు ఏపాటివో లెక్కింతురు. పురుషులకును ఇది వచ్చును గాని స్త్రీలలోనే యెక్కువగా కనబడును. కీళ్ళు అరుగవు, కండరములు కుళ్ళవు. నొప్పిని మోసి మెదడునకు చెప్పు నాడులును, విని తీర్పుచెప్పు మెదడును మితిమీరి మెలకువతో నుండుటయే యిందలి చిక్కు. ఊరి తలారి కుక్క మొరిగినను, ఆకు రాలినను "దొంగ, దొంగ" యని కేకవేసినచో ఊరికి నిద్ర యెక్కడిది? అతడు అబద్ధమాడుట లేదు. అతనికి భయము హెచ్చినది, అంతే.

ఆ వైద్యురాలు రాత్రికొక చిన్నమాత్ర వ్రాసి యిచ్చి, తుదకు, "వారానికి రెండు రోజులు బరువులెత్తండి" అనినది. నాకు ఒడలు మండినది. పిల్లను ఎత్తుకొనలేక యేడ్చినదానను బరువులెత్తుమనుటయా! ఇంటికి వచ్చి చెప్పగా అత్తగారు, "నీళ్ళబిందె దించలేనిది బరువులెత్తుతుందట! అయినా ఇంటిపని కంటే కసరత్తు ఏముంది అమ్మాయ్?" అనిరి. నిజము చెప్పవలెనన్న, ఆ ప్రశ్న నాదియును.

మావారు నల్లబల్ల యొక్కటి తక్కువగా నాకు పాఠము చెప్పిరి. మన ప్రమేయము లేకయే గుండెను, ఊపిరిని, నెత్తుటిపోటును నడపునట్టి స్వయంచోదిత నాడీవ్యవస్థ యొకటి గలదు. అందు రెండు పాయలు. సహానుభూత నాడులు గుండెను తరుమును. సహసహానుభూత నాడులు, ముఖ్యముగా వేగస్ అనునది, నెమ్మదింపజేయును. రథమునకు రెండు పగ్గములున్నట్లు. ఆరోగ్యవంతుని గుండె గడియారమువలె సమముగా కొట్టుకొనదట! ఊపిరి పీల్చునప్పుడు కొంచెము త్వరగా, విడుచునప్పుడు కొంచెము నెమ్మదిగా కొట్టుకొనును. ఒక స్పందనకును మరియొకదానికిని నడుమనుండు ఎడములో ఈ హెచ్చుతగ్గులను హృదయస్పందన వైవిధ్యమందురు. అది సారథి పగ్గములను సడలించుచు బిగించుచు తోలుచున్నాడనుటకు గుర్తు. ఫైబ్రోమయాల్జియా గల స్త్రీలలో ఈ వైవిధ్యము తక్కువగా నున్నట్లు పలు పరిశోధనలు చూపినవి. విశ్రాంతియందును తరుము పగ్గమే బిగిసియుండును. తీరా నిలువబడినప్పుడో, శ్రమపడినప్పుడో అవసరమైనంత సర్దుబాటు దొరకదు. నా గుండెదడకు పేరు దొరికినట్లయ్యెను.

"అట్లయినచో ఆ గుండెను మరింత తరుముటేల?" అని యడిగితిని. "తరుముట కాదు, తరిమి ఆపుట నేర్పుట. ఎత్తినపుడు గుండె ఎక్కును, కూర్చున్నపుడు దిగును. ఎక్కుట, దిగుట రెండును అభ్యాసమే" అని మావారి సమాధానము. నాకు సగము నమ్మకము కలిగినది.

మిగిలిన సగము మా నాయనగారి చదువు కలిగించినది. వ్యాయామమును తన బలములో సగముమేరకే చేయవలెనని సుశ్రుతుడు చెప్పెను. ఆ సగమును తెలిసికొనుటకు గురుతును గూడ చెప్పెను: హృదయస్థానమందలి వాయువు నోటికి వచ్చునప్పుడు, అనగా ముక్కుతో చాలక నోటితో ఊపిరి తీయవలసి వచ్చునప్పుడు, బలములో సగము వ్యయమైనదని యెరుగవలెను. చిన్ననాట దీనిని వల్లించితినే గాని, అది నాకొరకే వ్రాయబడినట్లు ఆనాడు తోచెను. బరువులెత్తువారు మల్లయోధులే కానక్కరలేదు. ఎవరి బలము వారికి. ఎవరి సగము వారికి.

బరువునకై మొదట నాయనగారి భారత సంపుటమును వంటింటి కాటాలో తూచి చూచితిని. అత్తగారు చూచి, "పుస్తకం కాలికి తగిలితేనే కళ్ళకద్దుకుంటాం, కాలికి కట్టుకుంటావా?" అని కోపించిరి. తప్పు నాదే. పాత లంగాగుడ్డతో సంచులు కుట్టి యిసుక పోయుదమని సూది చేతబట్టితిని గాని వ్రేళ్ళు నొచ్చి కుట్టు వంకరలు పోయెను. ఆమె కొంతసేపు చూచి, నా చేతినుండి గుడ్డ లాగుకొని తామే కుట్టనారంభించిరి. రెండు సంచులు ముగియువరకు మాటలేదు. మూడవదానికి నోరు కుట్టుచు తల యెత్తకయే, "మా అమ్మకీ ఇలాగే ఉండేది. ఒళ్ళంతా నొప్పులనేది. మేమందరం సోమరిపోతనుకున్నాం" అనిరి. నేనేమియు పలుకలేదు. ఆమెయు మరల నా ప్రసంగము ఎత్తలేదు. కాని నాటినుండి "ఏమీ లేదన్నారుగా" అను మాట మా యింట వినబడలేదు.

అరకిలో సంచులు రెండు, కిలో సంచులు రెండు తయారయ్యెను. సోమ, గురువారములు దినములుగా నేర్పరచుకొంటిని. విధి మిక్కిలి సామాన్యము. కుర్చీలోనుండి చేతులూనక లేచి కూర్చుండుట. గోడకు చేరువన నిలిచి అరచేతులతో గోడను నెట్టుట. సంచి చేతబట్టి మోచేయి మడచి యెత్తుట. కాలిమడమకు సంచి కట్టి, కూర్చుండి మోకాలు చాచుట. కుర్చీవీపు పట్టుకొని మునివేళ్ళమీద లేచుట. మొదటినాడు కుర్చీలోనుండి యెన్నిమారులు లేవగలనో చూడగా 16 మారులకు కాళ్ళు నిలువవయ్యెను. అందు సగము 8. అదియే నా కొలత. ఒక్కొక్కదానికి నడుమ, గుండె దిగువరకు కూర్చుండుట. లేచునప్పుడు ఊపిరి విడుచుట. బిగపట్టిన నెత్తుటిపోటు పెరుగును. ఒక నోటుపుస్తకములో ఎత్తిన బరువు, మారులు, పదింట నొప్పి యెంత, నిద్ర యెట్లున్నది, ఉదయపు గుండెవేగము వ్రాసికొనుచుంటిని.

మూడవ వారమున ఒళ్ళు కొంచెము తేలికయైనట్లుండగా నాకు గర్వము కలిగెను. ఒకనాడే సంచులు రెట్టించి, మారులు రెట్టించితిని. మరునాటి యుదయము లేవలేదు. తొమ్మిది దినములు వంట అత్తగారిదే. ఏనుగును లాగబోయిన సింహమువలె మితిమీరినవాడు చెడునని అష్టాంగహృదయము హెచ్చరించుచునే యున్నది, చదివినవారందరు విందురా? పదవనాడు మరల అరకిలో సంచితో, 6 మారులతో మొదలు పెట్టితిని.

ఆ తొమ్మిది దినములు పండుకొని అత్తగారి ప్రశ్నను గూర్చియే యాలోచించితిని. ఇంటిపనికంటె వ్యాయామమేమున్నది? నాకు తట్టిన సమాధానమిది. ఇంటిపని బరువే గాని వ్యాయామము గాదు. బిందె నిండినంత బరువు. అది మన బలమును అడిగి నిండదు. పండుగ వచ్చిననాడు, చుట్టములు వచ్చిననాడు, మనకు నిద్ర చాలనినాడే పని హెచ్చుగా నుండును. ఆ పనిని నడుమ నాపుటకు మనకు స్వతంత్రము లేదు. మరునాడు విశ్రాంతి లేదు. భయపడిన తలారిని రేయింబవళ్ళు పరుగెత్తించుట వంటిదది. వ్యాయామమునందు బరువు మన యధీనము, ఎన్నిమారులో మన యధీనము, ఆపుట మన యధీనము. నడుమనుండు రెండుమూడు దినముల విశ్రాంతి విధిలోనే చేరినది. భరించుటను మనకు బలమని నేర్పిరి. కొలిచి యెత్తుటయు, కొలిచి దించుటయు బలమని ఎవరును నేర్పలేదు.

పండ్రెండు వారములు గడచెను. కుర్చీలోనుండి 14 మారులు లేవగలుగుచుంటిని. నొప్పి పదింట 7 నుండి 5కు దిగెను. అయినను నాకు నిరాశయే కలిగెను. దానికి కారణము మా మరిది హైదరాబాదునుండి పంపిన చేతిగడియారము. అది రాత్రి నిద్రలో స్పందన వైవిధ్యమును మిల్లిసెకండ్లలో చూపును. మొదట 24, పండ్రెండు వారములకు 25. ఉదయపు గుండెవేగము 84 నుండి 82. పగ్గములు మారనేలేదు, ఇంత శ్రమయు వృథాయని తలచి, సంచులను అటకమీద పెట్టబోయితిని.

మావారు ఆదివారమంతయు కంప్యూటరు ముందు కూర్చుండి రెండు పరిశోధనలను వెదకి తెచ్చిరి. రెండును అమెరికాలోని ఫ్లోరిడా స్టేట్ విశ్వవిద్యాలయమున ఫిగరోవా, కింగ్స్‌లీ మొదలగువారు చేసినవే. 2008లో ప్రకటింపబడినదానిలో ఈ వ్యాధి గల పదిమంది స్త్రీలు వారమునకు రెండుమారుల చొప్పున 16 వారములు బరువులెత్తిరి. వారి బలము పెరిగెను, నొప్పి తగ్గెను, హృదయస్పందన వైవిధ్యమును పెరిగెను. 2010లో ప్రకటింపబడినదానిలో 12 వారములు ఎత్తిరి. బలము పెరిగెను, వ్యాధిబాధ తగ్గెను. విశ్రాంతియందలి స్పందన వైవిధ్యము మాత్రము మారలేదు. "చూచితివా? నీ గడియారము చెప్పినదే వీరికిని కనబడినది. గుండెలెక్క మారకున్నను మనిషి బాగుపడవచ్చును. నీవు సాక్ష్యము కావలెనని గడియారము నడుగుచున్నావు. నీ పుస్తకమే సాక్ష్యము గదా" అని వారు నా నోటుపుస్తకమును ముందుంచిరి.

నేను సిగ్గుపడితిని. ఎవరును నన్ను నమ్మలేదని నాలుగేండ్లు వగచినదానను, నేనే నా మాట నమ్మక ఒక యంత్రము మాట నమ్మబోయితిని.

మరియొక పరిశోధనను గూడ వారు చదివి వినిపించిరి. 2015లో ప్రకటింపబడిన ఆ స్వీడను దేశపు పరిశోధనలో 130 మంది స్త్రీలు పాల్గొనిరి. సగముమంది బరువులెత్తిరి, సగముమంది విశ్రాంతి సాధనలు చేసిరి. 15 వారములు, వారమునకు రెండుమారులు. బరువులెత్తినవారికి కాళ్ళబలము హెచ్చెను, నొప్పియు తగ్గెను. వారికి మొదట నిచ్చిన బరువు ఎంతయనుకొందురు? ఒక్కమారు ఎత్తగల గరిష్ఠపు బరువులో నూటికి 40 వంతులు. సగముకంటెను తక్కువ! సుశ్రుతుని వాక్యము స్వీడను చేరెనా యని నవ్వుకొంటిమి. అచ్చటి స్త్రీలు పిమ్మట క్రమక్రమముగా బరువు పెంచుకొనిరి, తొందరపడలేదు. 2017లో ఐరోపా కీళ్ళవైద్యసంఘము ఈ వ్యాధి చికిత్సలన్నిటిని పరిశీలించి, గట్టిగా సిఫారసు చేయదగినది వ్యాయామ మొక్కటియే యని చెప్పెను.

నేను సంచులు అటకనెక్కింపలేదు. ఇప్పటికి పదునాలుగు నెలలు. కుర్చీకి 20 మారులు లేచుచున్నాను. సంచుల స్థానమున మూడుకిలోల డంబెల్సు వచ్చినవి. నొప్పి పదింట 3, 4 నడుమ నున్నది. చెడుదినములు పూర్తిగ పోలేదు, పోవునని యెవరును నాకు మాట యీయలేదు. గడియారము ఇప్పుడు 29 చూపుచున్నది. అది వ్యాయామఫలమో, కుదిరిన నిద్రఫలమో నేను పందెము వేయను. కాని కూరలు తరిగి లేచునప్పుడు కన్నులు చీకట్లు క్రమ్ముట తగ్గినది. బిందె బరువు మారలేదు. నా బలము పెరిగినకొలది అదే బిందె నా బలములో చిన్నభాగమయ్యెను. దానిని మోయుటకు గుండె అంత పరుగెత్త నక్కరలేకపోయెను. ఇంత సులువైన లెక్క నాకు నాలుగేండ్లు తెలియలేదు.

ఇట్టి నొప్పులతో నున్న సోదరీమణులకు కొన్ని మాటలు మనవి చేసెదను. మొదట వైద్యునిచేత నిర్ధారణ చేయించుకొనుడు; థైరాయిడు, కీళ్ళవాతము మొదలగునవి ఇదే వేషము వేసికొని రావచ్చును. గుండెజబ్బు, నెత్తుటిపోటు గలవారును, క్రొత్తగా ప్రసవించినవారును వైద్యుని యనుమతి లేక బరువు ముట్టరాదు. ఎత్తుచుండగా ఛాతీలో నొప్పియో, తల తిరుగుటయో కలిగినచో వెంటనే మానవలెను. వాడుచున్న మందులను మీయంతట మీరు మానుకొనవలదు. మీ బలమెంతయో కనుగొని సగముతో మొదలు పెట్టుడు. బాగున్ననాడు రెట్టింపవలదు, బాగులేనినాడు బొత్తిగా మానవలదు, తగ్గించి చేయుడు. ఒక పుస్తకమున వ్రాసికొనుడు. ఇంటనున్న అత్తగార్లకును, భర్తలకును నా మనవి ఒక్కటే: కాగితములలో ఏమియు లేదన్న మాటకు, మనిషిలో ఏమియు లేదని యర్థము గాదు.

మొన్న మరల మా యూరి రథోత్సవము జరిగెను. మా పిల్ల ఇప్పుడు 17 కిలోలు. రథము మలుపు తిరుగుచుండగా అది ఎవరినో వెదకుచు చుట్టును చూచినది. నేను మోకాళ్ళు వంచి, ఊపిరి విడుచుచు, దానిని రెండుచేతుల నెత్తి చంకనిడుకొంటిని. అది ఆశ్చర్యముతో నా ముఖమువంక చూచి, "నొప్పి లేదా అమ్మా?" అనినది. "ఉన్నది, దేవుని చూడు" అంటిని. రథము మమ్ము దాటిపోవువరకు దించలేదు. మరునాడు భుజము నొచ్చెను. ఆ దినము విశ్రాంతి తీసికొంటిని. మూడవనాడు గురువారము. సంచులు కుట్టిన చేతులతోనే అత్తగారు కుర్చీ తెచ్చి గోడకు చేరవేసి, "లెక్క నేను పెడతాలే, కానియ్" అనిరి.